లినక్స్ వేసేముందు చిప్ పేరు తెలుసుకోవాలి

సంపాదకుల వారికి,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసిన నాటి నుంచి, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ గాని, దాని జాబితాలోని ప్రాసెసర్ గాని లేని ల్యాప్‌టాప్‌లను ఏం చేయాలన్న ప్రశ్న పత్రికల సాంకేతిక పుటల్లో తరచుగా కనిపిస్తున్నది. మీ పత్రికలో వచ్చిన వ్యాసంతో సహా దాదాపు అన్నిటిలోనూ విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి అన్న సలహా, దాని వెంట ఫలానా డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం) తేలిక, ఫలానాది చూడ్డానికి బాగుంటుంది అన్న పోలిక, ఆ పైన పెన్‌డ్రైవ్ తయారీ మొదలుకొని పాస్‌వర్డ్ పెట్టుకోవడం దాకా వరుసగా చేయవలసిన పనులు ఉంటున్నాయి.

సలహాతో నాకు పేచీ లేదు. పరిచయస్తుల ల్యాప్‌టాప్‌లలో, ట్యాబ్‌లలో లినక్స్ వేసిపెట్టే పని చాలాకాలంగా చేస్తున్నవాడిగా దాన్ని సమర్థిస్తాను కూడా. పేచీ అల్లా ఆ వ్యాసాలు ఆగిపోయే చోటుతోనే. రీస్టార్ట్ నొక్కమనడంతో వ్యాసం పూర్తవుతుంది, పాఠకుడి కష్టం మాత్రం అక్కడే మొదలవుతుంది: వైఫై జాబితా ఖాళీగా ఉంటుంది, మూత మూసి తెరిస్తే తెర నల్లగానే ఉండిపోతుంది, సౌండ్ సెట్టింగులలో స్పీకర్లకు బదులు 'డమ్మీ అవుట్‌పుట్' అని కనిపిస్తుంది, ట్యాబ్‌ను అడ్డంగా తిప్పితే బొమ్మ తలకిందులవుతుంది. అప్పుడాయన చేసే మొదటి పని ఇంకో డిస్ట్రో దించుకోవడం. వ్యాసం ఆయనకు చెప్పింది డిస్ట్రోను ఎంచుకోవడం గురించే గాని, తన యంత్రంలో ఏ వైఫై చిప్, ఏ సౌండ్ చిప్, ఏ టచ్ కంట్రోలర్ ఉన్నాయో చూసుకోవడం గురించి కాదు మరి.

ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అని పేర్లు వేరైనా వీటన్నిటి అడుగున ఉన్నది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మొదలుపెట్టిన ఆ ఒక్క కెర్నలే, అంటే సిస్టమ్ మొత్తాన్ని నడిపే మూలభాగమే. చిప్‌లను నడిపే ప్రోగ్రాములైన డ్రైవర్లలో అత్యధికం ఆ కెర్నల్‌లోనే ఉంటాయి. అనేక చిప్‌లకు డ్రైవర్‌తో పాటు, ఆ చిప్ లోపలే నడిచే ఫర్మ్‌వేర్ అనే ఫైల్ కూడా కావాలి. కాబట్టి ఒక డిస్ట్రోలో పనిచేయని వైఫై ఇంకో డిస్ట్రోలో పనిచేసిందంటే దాదాపు ఎప్పుడూ కారణం రెండింట్లో ఒకటి: రెండోదానిలో కెర్నల్ కొత్తది అయి ఉండాలి, లేదా అందులో ఆ ఫర్మ్‌వేర్ ఫైల్ ముందే ఉండి ఉండాలి. డెబియన్ చాలా ఏళ్లపాటు సోర్స్ కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు; 2022లో ఆ సంస్థ సభ్యులు ఓటు వేసి నియమం మార్చుకున్నాక, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే వస్తున్నది. అంతకుముందు డెబియన్‌లో వైఫై రాదని విని వదిలేసినవారు విన్నది ఆనాటికి నిజమే. ఇందులోంచి వచ్చే ఒక సంగతి చాలామందికి వింతగా తోస్తుంది: విడుదలై కొన్నేళ్లయిన ల్యాప్‌టాప్‌లో లినక్స్ సాఫీగా నడుస్తుంది, ఇబ్బంది పెట్టేది నిన్నగాక మొన్న మార్కెట్లోకి వచ్చిన మోడలే, ఎందుకంటే దానిలోని చిప్‌కు డ్రైవర్ కెర్నల్‌లో చేరి, ఆ కెర్నల్ మనం వేసుకునే డిస్ట్రోలోకి వచ్చేసరికి కొన్ని నెలలైనా పడుతుంది.

ఇన్‌స్టాలేషన్‌కు ముందు విండోస్‌లో చేసుకోవలసిన పనులను వ్యాసాలు ఒక్క వాక్యంలో 'బ్యాకప్ తీసుకోండి' అని తేల్చేస్తున్నాయి. బ్యాకప్ సరే, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన అనేక ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ మొత్తం యజమానికి తెలియకుండానే బిట్‌లాకర్ అనే విండోస్ ఎన్‌క్రిప్షన్ తాళంలో ఉంటుందని, బయోస్‌లో (యంత్రం లేవగానే మొదట నడిచే ప్రోగ్రాములో) సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని రక్షణ) వంటివాటిని కదిపిన మరుక్షణం అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుందని, ఆ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకోకుండా బయోస్‌లోకి వెళ్లకూడదని ఎవరూ చెప్పడం లేదు. అలాగే విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ చేశామని మనం అనుకున్నప్పుడు కూడా విండోస్ కెర్నల్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డ్రైవ్‌ను సగం రాసిన స్థితిలో వదిలేస్తుంది. లినక్స్ దాన్ని తెరవడానికి నిరాకరించినా, చదవడానికి మాత్రమే అనుమతించినా అది లోపం కాదు, మన ఫైళ్లను కాపాడుతున్నట్టు. రెండు సిస్టమ్‌లూ ఉంచుకోదలచినవారు ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయడం తప్పనిసరి. గడియారం మారిపోవడం కూడా ఈ రెండింటి కాపురంలో వచ్చేదే, విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయాన్నీ లినక్స్ అంతర్జాతీయ సమయాన్నీ రాసుకోవడం వల్ల. లినక్స్‌లో ఒక్క సెట్టింగుతో పోతుంది.

దించుకున్న ఐఎస్ఓ ఫైల్‌ను, అంటే పెన్‌డ్రైవ్‌పై రాసే ఇన్‌స్టాలేషన్ ఫైల్‌ను, సరిచూసుకోవడం ఛాదస్తంగా కనిపించవచ్చు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవారు దొంగదారి పెట్టిన ఐఎస్ఓకు లింకు మళ్లించారన్నది గుర్తుంచుకుంటే అలా అనిపించదు. ఎస్‌హెచ్ఏ256 కోడ్‌ను (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) పోల్చుకోవడానికి పట్టే సమయం నిమిషమే, పైగా డౌన్‌లోడ్ మధ్యలో చెడిపోయిన ఫైల్ కూడా అక్కడే బయటపడుతుంది. ఇన్‌స్టాలర్ సగంలో ఆగిపోయే సందర్భాల్లో కొన్నిటికి చెడిపోయిన ఫైలో, అరిగిపోయిన పెన్‌డ్రైవో కారణం.

అసలు పరీక్ష లైవ్ సెషన్. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డిస్క్‌పై ఏమీ రాయకుండా లినక్స్‌ను నడిపి చూసే ఈ సదుపాయాన్ని మన వ్యాసాలు 'ట్రై' అనే బటన్‌గా మాత్రమే చూపి వెంటనే 'ఇన్‌స్టాల్'కు వెళ్లిపోతాయి. ఆ సెషన్‌లోనే వైఫైకి కనెక్ట్ అయి చూడాలి, స్పీకర్లలోనూ హెడ్‌ఫోన్‌లోనూ పాట పెట్టాలి, మైకులో మాట్లాడి వినాలి, కెమెరా తెరవాలి, తెర వెలుతురు తగ్గించి పెంచాలి, టచ్‌ప్యాడ్‌పై రెండు వేళ్లతో జరపాలి, బ్లూటూత్ కలపాలి, మూత మూసి కాసేపయ్యాక తెరవాలి. వీటిలో పనిచేయనిదేదో అప్పుడే తెలిస్తే దానికి మందు ఉందో లేదో కనుక్కుని, విండోస్‌ను చెరిపేయాలా వద్దా అన్న నిర్ణయం తీసుకోవచ్చు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ అనే కమాండ్‌కు ఎన్ఎన్‌కె అనే ఆప్షన్ చేర్చి ఇస్తే ప్రతి చిప్ పేరు, పక్కన నాలుగేసి అక్షరాల కోడ్‌ల జత, కింద దాన్ని నడుపుతున్న డ్రైవర్ పేరు వరుసగా వస్తాయి. కోడ్‌లో మొదటి భాగం తయారీదారు: 8086 అంటే ఇంటెల్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 10ఈసీ అంటే రియల్‌టెక్. డ్రైవర్ పేరు ఉండవలసిన వరుసే లేకపోతే ఆ చిప్‌ను ఏ డ్రైవరూ చేపట్టలేదని అర్థం. ల్యాప్‌టాప్ మోడల్ పేరు పెట్టి ఇంటర్నెట్‌లో వెతికితే దొరకని జవాబు ఈ కోడ్ పెట్టి వెతికితే దొరుకుతుంది, ఎందుకంటే ఒకే మోడల్ పేరు కింద కంపెనీలు వేర్వేరు వైఫై కార్డులు పెట్టి అమ్ముతాయి.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోవడం అన్నిటికంటే కంగారు పెట్టే సమస్య, డిస్క్ పాడైందేమోనని అనుకుంటారు గనుక. ఇంటెల్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లోని స్టోరేజీ పద్ధతి 'రైడ్' లేదా 'ఆర్ఎస్‌టీ' అని ఉన్నప్పుడు కొన్ని తరాల చిప్‌సెట్‌లు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ను (ఒక రకం ఎస్ఎస్‌డీని) తమ వెనుక దాచేస్తాయి. కెర్నల్ లాగ్ (కెర్నల్ రాసుకునే చిట్టా) చూస్తే, ఇలా దాచిన డ్రైవ్ ఉన్నదని, దాన్ని వాడాలంటే బయోస్‌లో రైడ్ నుంచి ఏహెచ్‌సీఐ అనే ఇంకో స్టోరేజీ పద్ధతికి మార్చమని కెర్నలే రాసి ఉంటుంది. ఇంత స్పష్టంగా మందు కూడా చెప్పే దోష సందేశాలు కంప్యూటర్లలో అరుదు. అయితే నేరుగా మార్చేస్తే విండోస్ నీలితెర చూపి ఆగిపోతుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌కు వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనిచ్చాక ఆ సెట్టింగును తీసేస్తే విండోస్ తనకు కావలసిన డ్రైవర్‌ను తనే సర్దుకుంటుంది. ఈ వరుసను పాటించకుండా రాసిన సలహాల వల్లే 'లినక్స్ నా విండోస్‌ను చంపేసింది' అన్న మాట పుడుతున్నది.

సెక్యూర్ బూట్ గురించి మీ వ్యాసం 'ఆపేయండి' అన్నది. దీనితో ఏకీభవించలేను. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి ప్రధాన డిస్ట్రోలు మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్ అనే చిన్న బూట్‌లోడర్ (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాము) ద్వారా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే లేస్తాయి. చిక్కు వచ్చేది బయటి డ్రైవర్లతో: ఎన్‌విడియా డ్రైవరో, బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవరో మన యంత్రంలోనే తయారైనప్పుడు దానికి మన సంతకం కావాలి, ఆ సంతకపు తాళాన్ని తరువాతి బూట్‌లో వచ్చే నీలిరంగు తెరపై నమోదు చేయాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది, దాన్ని చూసి ఏదో పొరపాటనుకుని 'కంటిన్యూ' నొక్కేసినవారు ఎన్‌విడియా డ్రైవర్ వేసినా పనిచేయడం లేదని వాపోతుంటారు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లను నిషేధించడంతో రెండు సిస్టమ్‌లూ ఉన్న చాలా యంత్రాలు 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అని ఆగిపోయిన మాట నిజం. అప్పుడు కూడా సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌ను అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయడం సరైన దారి. షిమ్‌పై ఉండే మైక్రోసాఫ్ట్ 2011 నాటి సంతకపు సర్టిఫికెట్ గడువు 2026 జూన్ వరకే గనుక, తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లను లినక్స్‌లో ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ప్రోగ్రాము ద్వారా గాని, విండోస్‌ను చెరిపేసేముందు అక్కడి నుంచి గాని వేసుకోవడం మేలు.

వైఫైకి వస్తాను. ఇంటెల్ కార్డులకు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ ఉంటే చాలు. లాగ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ విఫలమైందని, చివర మైనస్ 2 అని ఉంటే ఆ ఫైల్ లేదని మాత్రమే అర్థం, కార్డు పాడైందని కాదు. కొత్త రియల్‌టెక్, మీడియాటెక్ కార్డులకు కెర్నల్ వయసే ముఖ్యం. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉన్న విడుదల) వాడేవారు దానిలోనే దొరికే కొత్త కెర్నల్ శ్రేణికి మారితే చాలాసార్లు సరిపోతుంది. మొండిది బ్రాడ్‌కామ్. దాని సొంత డ్రైవర్‌కు 2015 తర్వాత కంపెనీ కొత్త విడుదల ఇవ్వలేదు, ప్రతి కొత్త కెర్నల్‌కూ డిస్ట్రోలవారే దాన్ని అతికించుకుంటూ వస్తున్నారు. వైఫై లేనిదే డ్రైవర్ దించుకోలేము, డ్రైవర్ లేనిదే వైఫై రాదు అనే ఈ ముడిని విప్పేది ఫోన్: యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే, ఆండ్రాయిడ్ ఫోన్ లినక్స్‌కు ఏ అదనపు డ్రైవరూ అక్కర్లేని నెట్‌వర్క్ కార్డుగా కనిపిస్తుంది. ఇంత సులువైన ఉపాయం ఒక్క వ్యాసంలోనూ నాకు కనిపించలేదు. విమానం గుర్తున్న కీ నొక్కి ఉండటం వల్ల వైఫై ఆగిపోయిన సందర్భాలూ ఉంటాయి, ఆర్ఎఫ్‌కిల్ అనే కమాండ్ ఆ సంగతి చెబుతుంది.

మూత మూసినప్పటి నిద్ర (స్లీప్) సమస్య వీటన్నిటికంటే లోతైనది, దీనిలో లినక్స్ తప్పు సగమే. ఒకప్పటి ల్యాప్‌టాప్‌లు ఎస్3 అనే పద్ధతిలో నిద్రపోయేవి: మెమరీకి (ర్యామ్) తప్ప మిగతా అన్నిటికీ కరెంటు ఆగిపోయేది, రాత్రంతా ఉంచినా బ్యాటరీ కొద్దిగానే తగ్గేది. తరువాత విండోస్ కోసం తయారీదారులు ఫోన్ మాదిరిగా సగం మేలుకుని ఉండే పద్ధతికి మారారు. ఈ పద్ధతిలో ప్రాసెసర్, డిస్క్, వైఫై, గ్రాఫిక్స్ అన్నీ ఎవరికివారు లోతైన నిద్రలోకి జారుకోవాలి. ఏ ఒక్క డ్రైవర్ సహకరించకపోయినా యంత్రం మొత్తం వెచ్చగా సంచిలో మేలుకునే ఉంటుంది, పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ. కెర్నల్ తన సిస్ ఫోల్డర్‌లోని పవర్ విభాగంలో మెమ్-స్లీప్ అనే ఫైల్‌లో ఈ యంత్రానికి ఏయే పద్ధతులున్నాయో రాసి ఉంచుతుంది. అక్కడ 'డీప్' అన్న మాట ఉంటే పాత పద్ధతికి మారే వీలుంది, బూట్ సమయంలో ఒక ఆప్షన్ ఇస్తే చాలు. లేకపోతే ఆ ఫర్మ్‌వేర్ ఎస్3ని అసలే ఇవ్వడం లేదు, ఏ డిస్ట్రో వేసినా అది రాదు. లెనొవొ 2018లో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరో తరానికి ఇచ్చిన బయోస్ అప్‌డేట్‌లో నిద్ర పద్ధతి కింద 'లినక్స్' అన్న ఎంపికను చేర్చింది; తయారీదారు తలచుకుంటే సాధ్యమేనని అది చూపింది, తలచుకున్నవారు తక్కువ. నిద్రకు బదులు హైబర్నేట్ (మెమరీలోనిదంతా డిస్క్‌పై రాసి ఆపేయడం) చేద్దామనుకుంటే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న ప్రధాన డిస్ట్రోలలో కెర్నల్ భద్రత పేరిట దాన్ని అడ్డుకుంటుంది. ఈ ఒక్క అవసరం బలంగా ఉన్నవారికి సెక్యూర్ బూట్ ఆపడం న్యాయమైన కారణమని ఒప్పుకుంటాను.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ బూట్ కాగానే తెర నల్లబడితే గ్రబ్ మెనూలో (లినక్స్ లేచే ముందు వచ్చే బూట్ మెనూలో) నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి లేపి, డిస్ట్రో ఇచ్చే డ్రైవర్ మేనేజర్ ద్వారానే డ్రైవర్ వేసుకోవాలి, కంపెనీ వెబ్‌సైట్ ఫైల్‌తో కాదు. నోమోడ్‌సెట్‌ను అలాగే వదిలేస్తే తెర వెలుతురు మార్చడం సహా చాలా పోతాయి, పని కాగానే తీసేయాలి.

ఇక ట్యాబ్‌లు. ల్యాప్‌టాప్ గురించి రాసిన వ్యాసం చివర 'ట్యాబ్‌లకూ ఇదే పద్ధతి' అని ఒక వాక్యం చేర్చడం ఈ ఉత్తరం రాయడానికి నన్ను పురికొల్పింది. ట్యాబ్‌లలో రెండు జాతులున్నాయి, వాటి మధ్య పోలిక తెర ఒక్కటే. ఇంటెల్ ప్రాసెసర్‌తో విండోస్ నడిపే ట్యాబ్ లోపల ల్యాప్‌టాప్ లాంటిదే. దానికి యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త రూపం) ఉంటుంది, పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది. ఆర్మ్ చిప్‌తో ఆండ్రాయిడ్ నడిపే ట్యాబ్‌కు అవేవీ ఉండవు.

మొదటి జాతిలో అప్పట్లో విరివిగా అమ్ముడైనవి 2013 తర్వాత బే ట్రెయిల్ ఆటమ్ చిప్‌లతో వచ్చిన చిన్న ట్యాబ్‌లు. వాటి ప్రాసెసర్ 64 బిట్లది, ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్లది. సాధారణ 64 బిట్ల ఐఎస్ఓ రాసిన పెన్‌డ్రైవ్‌ను అది చూడనట్టే ఊరుకుంటుంది. 2014లో వచ్చిన కెర్నల్ 3.15 నుంచి ఈ మిశ్రమ పద్ధతిలో లేవడం కెర్నల్‌కు వచ్చు, కావలసింది పెన్‌డ్రైవ్‌లో 32 బిట్ల బూట్‌లోడర్ ఫైల్ మాత్రమే. డెబియన్ దాన్ని ఇన్‌స్టాలర్‌లో పెట్టి ఇస్తుంది, కొన్ని డిస్ట్రోలు పెట్టవు. ఇక్కడ, ఇక్కడ మాత్రమే, డిస్ట్రో ఎంపికకు నిజమైన ప్రాముఖ్యం ఉందని నా అభిప్రాయం. లేచాక వచ్చే సమస్య టచ్. ఈ ట్యాబ్‌లలో చాలావాటికి సైలీడ్ అనే కంపెనీ టచ్ చిప్ ఉంటుంది, దాని ఫర్మ్‌వేర్ ప్రతి మోడల్‌కూ వేరు, ఒకదానిది ఇంకోదానికి వేస్తే వేలు ఒకచోట పెడితే ఇంకోచోట తగులుతుంది. హాన్స్ డి హూడ్ అనే కెర్నల్ డెవలపర్ ఈ చవక ట్యాబ్‌ల వివరాలను ఒక్కో మోడల్‌గా కెర్నల్‌లో చేర్చుకుంటూ వచ్చారు. ఆయన శ్రమ లేకపోతే వీటిలో చాలా భాగం లినక్స్‌కు పనికొచ్చేవి కావు. తెర తిరగడం యాక్సిలరోమీటర్ అనే, వంపును పసిగట్టే సెన్సర్ వల్ల, దాన్ని డెస్క్‌టాప్‌కు అందించేది ఐఐఓ సెన్సర్ ప్రాక్సీ అనే సర్వీసు. బొమ్మ తలకిందులవుతున్నదంటే సెన్సర్ పాడవలేదు, దాన్ని బోర్డుపై ఏ దిక్కుగా అతికించారో సిస్టమ్‌కు తెలియదు. ఆ దిక్కును తెలిపే చిన్న పట్టికలో ఒక వరుస చేరిస్తే సరిపోతుంది.

డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలా (పాస్‌వర్డ్ లేనిదే చదవలేనట్టు తాళం వేయాలా) అని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు ట్యాబ్ యజమానులు ఒక్క క్షణం ఆగాలి. ఆ పాస్‌వర్డ్ అడిగేది డెస్క్‌టాప్ ఇంకా రాకముందు, అప్పటికి చాలా డిస్ట్రోలలో తెరమీది కీబోర్డు ఉండదు. కీబోర్డు విడిగా లేని ట్యాబ్ అక్కడే ఆగిపోతుంది, యూఎస్‌బీ కీబోర్డు తగిలించడం తప్ప గతిలేదు. మైక్రోసాఫ్ట్ సొంత ట్యాబ్‌లైన సర్ఫేస్‌ల సంగతి మరికాస్త వేరు: సర్ఫేస్ ప్రో 4 మొదలుకొని పలు మోడళ్లలో టచ్, పెన్ పనిచేయాలంటే లినక్స్-సర్ఫేస్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు ఇచ్చే ప్రత్యేక కెర్నల్, దానితో పాటు ఒక సర్వీసు వేసుకోవాలి, కెమెరాల సంగతి మోడల్‌ను బట్టి ఉంటుంది. కెమెరా అవసరమైనవారు ఆ ప్రాజెక్టు పట్టిక చూసుకోకుండా సర్ఫేస్‌ను చెరిపేయకూడదు.

రెండో జాతిలో, అంటే ఆర్మ్ ట్యాబ్‌లలో, కెర్నల్ తనంతట తాను పరికరాలను వెతికి పట్టుకోలేదు. ఏ తీగ ఎక్కడికి వెళ్తున్నదో, ఏ చిప్ ఏ చిరునామాలో ఉన్నదో డివైస్ ట్రీ అనే ఫైల్‌లో ఎవరో రాసి ఇవ్వాలి. అది మోడల్ మోడల్‌కూ వేరు గనుక 'అన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకూ లినక్స్' అన్న ఐఎస్ఓ ఉండదు, ఉందని చెప్పేవారిని నమ్మకూడదు. పైగా తయారీదారు బూట్‌లోడర్‌కు తాళం వేసి ఉంచితే డివైస్ ట్రీ ఉన్నా ఉపయోగం లేదు. ఫోన్లకు, ట్యాబ్‌లకు లినక్స్ తయారుచేసే, 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ ప్రాజెక్టు తన వికీలో ఒక్కో మోడల్‌కు తెర, టచ్, వైఫై, కెమెరా, ఛార్జింగ్ ఏది పనిచేస్తుందో ఏది చేయదో విడివిడిగా రాస్తుంది. అక్కడ మీ మోడల్ పేరు లేకపోతే, ఉన్నా 'బూట్ అవుతుంది' అన్న ఒక్క ముక్కే ఉంటే, ఆ ట్యాబ్‌ను ఆండ్రాయిడ్‌తోనే ఉండనివ్వడం మంచిది. లినక్స్ కోసమే తయారైన పైన్‌ట్యాబ్ 2 కూడా 2023లో పనిచేసే వైఫై డ్రైవర్ లేకుండానే కొనుగోలుదారుల చేతికి వచ్చింది. లినక్స్‌తోనే పుట్టిన ట్యాబ్‌కే ఆ గతి పట్టినప్పుడు ఆండ్రాయిడ్‌తో పుట్టినదాని విషయంలో ఆశలు అదుపులో ఉంచుకోవాలి.

లినక్స్ వేస్తే హార్డ్‌వేర్ పాడవుతుందా అని కొందరు అడుగుతారు. దాదాపు ఎప్పుడూ కాదు. 'ఎప్పుడూ' అనకపోవడానికి కారణం, 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 డౌన్‌లోడ్‌ను ఆపేయవలసి వచ్చిన సంఘటన: అందులోని ఒక డ్రైవర్ ప్రధానంగా కొన్ని లెనొవొ ల్యాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులను పాడుచేసింది. ఆ డ్రైవర్‌ను తీసేసి మళ్లీ విడుదల చేశారు.

సమస్య వచ్చినప్పుడు సహాయం అడిగే తీరు గురించి కూడా పత్రికలు రాయాలి. 'నా ల్యాప్‌టాప్‌లో సౌండ్ రావడం లేదు' అన్న ప్రశ్నకు ఎంత తెలిసినవారైనా జవాబు ఇవ్వలేరు. చిప్ కోడ్, కెర్నల్ వెర్షన్, డీమెస్గ్ అనే కమాండ్ ఇచ్చే కెర్నల్ లాగ్‌లో ఆ చిప్ పేరున్న వరుసలు, లైవ్ సెషన్‌లో ఎలా ఉండేది, ఏ అప్‌డేట్ తర్వాత ఆగింది — ఇవి చెబితే జవాబు అదే రోజు దొరకవచ్చు. యంత్రం హఠాత్తుగా ఆగిపోతే, మళ్లీ లేచాక జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్ అంతకుముందు బూట్ నాటి లాగ్‌ను కూడా చూపగలదు. చివరి వరుసల్లో కారణం ఉండే అవకాశం ఎక్కువ. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో పాత కెర్నల్ ఇంకా ఉంటుంది, దానితో లేపి చూస్తే తప్పు కెర్నల్‌దో కాదో తేలుతుంది. ఇవేవీ చేయకుండా ఎక్కడో దొరికిన సూడో (sudo, అంటే పూర్తి అధికారాలతో నడిచే) కమాండ్‌ను, అదేం చేస్తుందో తెలియకుండా అతికించడం వల్ల మొదటి సమస్యపై రెండోది పేరుకుంటుంది, అప్పుడిక డిస్ట్రో మార్చడమే దారి అనిపిస్తుంది.

మీ సాంకేతిక పుటను నేను కోరేది ఇది. లినక్స్‌పై ఇకమీద వచ్చే వ్యాసాల్లో డిస్ట్రోల పోలికకు ఇచ్చే స్థలంలో సగం తగ్గించి, వైఫై, గ్రాఫిక్స్, సౌండ్, నిద్ర, టచ్ అన్న శీర్షికల కింద ఏ చిప్ కుటుంబం నేరుగా పనిచేస్తుంది, ఏది ఫర్మ్‌వేర్ అడుగుతుంది, ఏది అసలు పనిచేయదు అన్న పట్టిక ఒకటి ఇవ్వండి. బిట్‌లాకర్ కీ, ఫాస్ట్ స్టార్టప్, ఏహెచ్‌సీఐ అన్న మూడింటినీ మొదటి పేరాలోనే పెట్టండి. పట్టికను ట్యాబ్‌లతో మొదలుపెడితే మరీ మంచిది. ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలేషన్ చెడితే మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టి వేసుకోవచ్చు, బూట్‌లోడర్ తప్పుగా రాసిన ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు ఆ రెండో అవకాశం ఉండకపోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు